ముయ్యికి రాసిన నాలుగో పాఠం

పోయిన వారం ఆశ్రితను అనంతపురం బస్టాండులో బస్సెక్కించి వదిలేశాం. భుజాన సంచి, సంచిలో ల్యాప్‌టాప్, కడుపులో కోపం. ఉరవకొండలో బస్సు మారి, విడపనకల్లులో ఆటో ఎక్కి, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుపోయి ఇప్పుడే ఊరి మొగదల దిగింది. కోపం మాత్రం దారిలో ఎక్కడా దిగలేదు.

కథ మధ్యలో అందుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆశ్రిత ఒక కాలేజీ ఆన్‌లైన్ విభాగంలో టీచరు. పసిపిల్లలకు చదువు చెప్పడం ఎలాగో నేర్పే డిప్లొమా అది. చేరినవాళ్లు ఇంటి దగ్గరే ఫోనులో పాఠాలు వింటారు, జవాబులు రాసి పంపుతారు. వాళ్లు కాపీ కొట్టకుండా చూసే పని ఆశ్రితది. ఎవరూ అడక్కముందే ఆ పని నెత్తికెత్తుకుంది. పరీక్షప్పుడు కెమెరా ఉండాలన్నది ఆమే, ఒకరి ప్రశ్నలు ఒకరికి రాకుండా తారుమారు చేయించింది ఆమే, ప్రతి జవాబు కిందా ‘ఇది నా సొంత రాత’ అని ఒట్టు పెట్టించేదీ ఆమే. ఇన్ని కంచెలు కట్టి నిశ్చింతగా కూర్చుంటే, ఆఫీసు ఫోనుకు పేరు లేని మెసేజీ ఒకటి వచ్చింది. విడపనకల్లు వైపు నలుగురు ఆడవాళ్లు ఒకటే రాస్తున్నారట. మెసేజీ మొత్తం చూపించకుండా, విషయం మాత్రం చెప్పి వెతకమన్నాడు కోర్సు పెద్ద జయరాం సార్. వెతికితే నిజమే. నాలుగు పాఠాలకూ నలుగురి జవాబులూ పొల్లుపోకుండా ఒకటే.

వీడియో కాల్‌లో నిలదీసింది ఆశ్రిత. నలుగురిలో చిన్నది, చురుకైనది చౌడేశ్వరి. కళ్లార్పకుండా, “అవు మేడమ్, ఒకటే రాసినాం. ఒకటే రాయక ఇంకెట్ల రాస్తాం?” అని ఎదురడిగింది. అంతలో సిగ్నల్ పోయింది.

దొంగ అన్నాక దొరికితే ఏడవాలి, లేదా బుకాయించాలి. ఈ రెండూ చేయని దొంగతో ఏం చేయాలో ఆశ్రితకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. సాయంత్రానికి రిపోర్టు కావాలని జయరాం సార్ గడువు పెట్టాడు. ఆ రిపోర్టు వెళ్తే నలుగురినీ కోర్సులోంచి తీసేస్తారు, మూడేళ్లదాకా మళ్లీ చేర్చుకోరు. ఆ ఊళ్లో కొత్తగా పసిపిల్లల బడి తెరవబోతున్నారు. టీచరుగా చౌడేశ్వరినే అనుకున్నారు గానీ, డిప్లొమా చేతికొస్తేనే. లేకపోతే ఆ కుర్చీలో గుంతకల్లు నుంచో, బళ్లారి నుంచో ఇంకెవరో వచ్చి కూర్చుంటారు. ఇదంతా తెలిసే ఆశ్రిత వచ్చింది. ఎవడో రాసిచ్చే ఏజెంటు ఉంటాడు, వాడి పేరు కక్కిస్తే ఈ అమాయకులు బయటపడతారని ఆమె లెక్క.

చౌడేశ్వరి ఇంటి ముందు మంచం మీద ముసలాయన ఒకాయన కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆమె మామ గురప్ప.

“నేను మీ కోడలి టీచర్ని” అంది ఆశ్రిత.

గురప్ప ఆమెను కిందినుంచి మీదికి చూశాడు. “నువ్వు ఫోన్లో గదా ఉంటావు. బయటికెట్ల వస్తివి?”

ఆశ్రిత నవ్వేసింది. “చౌడేశ్వరి ఎక్కడ?”

“ఇద్దరూ చేన్లో ఉండారు. పెద్ద కోడలు నల్లమ్మ గూడా మీ బడే గదా. నేనే చేర్పిచ్చినా. చిన్నది ఒక్కతే సదువుతానంటే, ఒద్దు, పోతే ఇద్దరూ పోవాల, లేకుంటే ఇద్దరూ ఇంట్లో ఉండాలంటిని. ఒకతి సదివి ఒకతి సదవకుంటే పొయ్యి కాడ కొట్లాటలే గదప్పా.” తన న్యాయానికి తానే మెచ్చుకుంటూ తాడు పేనడంలో పడ్డాడు ఆయన.

అది వేరుశనగ చేను, ఊరికి పడమర. చినుకు పడి చాలా కాలమైంది. చెనిక్కాయ చెట్లు మధ్యాహ్నం ఎండకు ఆకులు ముడుచుకున్నాయి. కలుపుకు మాత్రం కరువు లేదు, అది ఎప్పట్లాగే ఏపుగా ఉంది. నలుగురు ఆడవాళ్లు తలా ఒక సాలు పంచుకుని మునుం పట్టి, చిన్న పారల్లాంటి తొలికలతో కలుపు తీస్తూ వరసగా ముందుకు కదులుతున్నారు. చేను చివర ఆటో అంత రాతిగుండు ఒకటి ఉంది. దాని వెనక దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి.

ఆశ్రిత గట్టు మీద నిలబడి పిలిచింది. చౌడేశ్వరి తలెత్తి చూసి, “రండి మేడమ్, చెప్పులిప్పి రండి, మట్టి కాల్తాది గానీ చెట్లు తొక్కకుండా వస్తారు” అంది. భయం లేదు, కంగారు లేదు. చుట్టం వచ్చినట్టు మాట్లాడుతోంది. ఆశ్రితకు ఒళ్లు మండింది. చెప్పులు విప్పాక కాళ్లు కూడా మండాయి.

ఆమె పక్కన వంగి ఉన్నది నల్లమ్మ. మిగతా ఇద్దరూ గంగాదేవి, సారా. కెమెరాలో చూసిన ముఖాలే. ఎండలో ఇంకొంచెం పెద్దగా, ఇంకొంచెం నవ్వుతూ ఉన్నాయి.

“డొంకతిరుగుడు లేదమ్మా, నేరుగా అడుగుతాను. మీకు జవాబులు రాసిచ్చేది ఎవరు?”

“మేమే” అంది గంగాదేవి.

“మీరంటే?”

“మొదటి పాఠం చౌడేశ్వరి. రెండోది నేను. మూడోది సారా. నాలుగోది నల్లమ్మక్క. మళ్లా అయిదోది చౌడేశ్వరి. వంతులు.”

“ఒకరు రాస్తే ముగ్గురు చూసి దించారు. దాన్ని కాపీ అంటారు.”

ఆ మాటకు సారా తొలిక కింద పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది. “కాపీ అనద్దు మేడమ్. కాపీ అంటే దొంగతనంగా సూసేది. మేము ముయ్యి చేసుకుంటిమి.”

ఆశ్రిత ఆ మాట విని చాలా ఏళ్లయింది. వాళ్లది గుత్తి దగ్గర భూములున్న కుటుంబం. వాళ్ల చేలకు కూలివాళ్లు వచ్చేవారు, ముయ్యికి ఎవరూ వచ్చేవారు కాదు. కూలివ్వలేని చిన్న రైతులు చేసుకునే ఏర్పాటు అది. ఈ రోజు నేను నీ చేన్లో పని చేస్తాను, రేపు నువ్వు నా చేన్లో చేయాలి. రూపాయి చేతులు మారదు. మారేదల్లా మాట.

“జవాబులకు ముయ్యి ఏంటమ్మా?”

చౌడేశ్వరి గుండు వైపు చూపించింది. “ఊరు మొత్తానికి ఆ గుండెక్కితేనే సిగ్నలు మేడమ్. పాఠం ఇనాలన్నా ఆడికే పోవాల, రాసి పంపాలన్నా ఆడికే. నలుగురమూ పోయి గుండెక్కి కూర్చుంటే మా మునాలు ఎవురు పట్టాల? పొద్దుగూకినాక కూర్చుందామంటే పురుగూ పుట్రా. అందుకని వంతులేసుకుంటిమి. ఒకరు గుండు మీద కూర్చొని ఇని, రాస్తారు. ఆ పొద్దు ఆమె మునుం మిగిలిన ముగ్గురమూ పడతాం. సారా రాసేటప్పుడు దాని మేకల్ని గూడా మేమే తోలుకొచ్చినాం.”

“సంగటి గూడా కెలికి ఇచ్చినాం” అంది గంగాదేవి.

“ఆ సంగటి సంగతి ఎత్తద్దులే” అంది సారా. ముగ్గురూ నవ్వారు. నల్లమ్మ మాత్రం వంగి కలుపు తీస్తూనే ఉంది.

“మరి కింద ఒట్టు పెట్టారు కదా, నా సొంత రాత అని?”

“సొంతమే గదా!” చౌడేశ్వరికి నిజంగానే ఆశ్చర్యమేసింది. “నా చేన్లో ముయ్యోళ్లు కలుపు తీస్తే ఆ పంట నాది కాదా? వాళ్ల చేన్లో నేను ఒళ్లొంచి తీర్చుకుంటి గదా. ఊరికే తెచ్చుకుంటే దొంగతనం. ముయ్యి ఎగ్గొడితే అంతకన్నా దొంగతనం. మేము ఏదీ చేయలే.”

తప్పు ఎక్కడుందో ఆశ్రితకు తెలుసు. తెలిసింది చెప్పడానికే మాట దొరకలేదు. బస్సులో వచ్చేటప్పుడు ఆమె నాలుగు రకాల తిట్లు సిద్ధం చేసుకుంది. అబద్ధం ఆడితే ఒకటి, ఏడిస్తే ఒకటి, ఏజెంటు పేరు దాస్తే ఒకటి, కాళ్ల మీద పడితే ఒకటి. ఇది ఏ లెక్కలోకీ రాలేదు. ఈ నలుగురూ మోసగాళ్లయితే ఇంత నీతిగా మోసం చేసేవాళ్లను తాను ఎక్కడా చూడలేదు. కాకపోతే మరి తాను కట్టిన కంచెలన్నీ ఎవరి కోసం?

చివరికి టీచరు బుద్ధే ఆమెను కాపాడింది. ప్రశ్న వేసింది.

“గంగాదేవీ, నువ్వు చెప్పు. బడిలో పిల్లకు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చింది. ఏం చేస్తావు?”

“దాంట్లో ఏముండాది? చేతిలో తాళాలు పెట్టాల. నోట్లో గుడ్డ కుక్కాల, నాలిక కొరుక్కోకుండా.”

సారా అదిరిపడింది. “ఓ యక్కా! గుడ్డ కుక్కితే ఊపిరాడక పిల్ల పోతాది! నోట్లో ఏమీ పెట్టగూడదు. పక్కకు తిప్పి పండబెట్టాల. నేను రాసినా గదా మూడో పాఠంలో, నువ్వు దించుకుంటివి గదా!”

“దించుకుంటి. నేను యాడ చదివినా? ఆ పొద్దు నీ మునుం పడతాంటి.”

ఎవరూ నవ్వలేదు. గంగాదేవి తన చేతివేళ్లను చూసుకుంటూ, “మా మరిది కూతురికి వస్తాది మేడమ్ అట్ల. మేము గుడ్డే పెడతాం” అంది మెల్లగా.

ఇప్పుడు మాట దొరికింది ఆశ్రితకు. “కలుపు ఎవరు తీసినా చేను బాగుపడుతుంది. చదువు అట్లా కాదమ్మా. సారా నేర్చుకున్నది సారా దగ్గరే ఉంది, నీకు రాలేదు. రేపు బడిలో నువ్వుంటే? నేను కాపీ కొట్టద్దనేది మార్కుల కోసం కాదు.” ఆ మాట అన్నాక ఆమెకే అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ తాను కాపీ పట్టుకున్నది మార్కుల కోసం కాదా? కాపీ దొరికిందని కంప్యూటరు ఎర్రగీతలు చూపించినప్పుడు తనకు కలిగిన సంతోషం ఏ పిల్లకోసం? అయినా మాట వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది నిజం.

చౌడేశ్వరి తల దించుకుంది. మొదటిసారి. “అది నిజమే మేడమ్” అంది.

మిగతా పాఠాల్లోనూ తలా కొన్ని ప్రశ్నలు అడిగింది ఆశ్రిత. చౌడేశ్వరి అన్నిటికీ చెప్పింది. తన వంతు కాని రోజు కూడా ఇంట్లో పనయ్యాక గుండెక్కి పాఠం వినేదట. సారా సగం చెప్పింది. నల్లమ్మను ఆమె రాసిన నాలుగో పాఠంలోంచే అడిగింది, తేలిగ్గా ఉంటుందని.

“బడికి వచ్చి ఎవరితోనూ మాట్లాడని పిల్లను ఎట్లా మాలిమి చేసుకుంటావక్కా?”

నల్లమ్మ నడుం ఎత్తి, ముఖం తుడుచుకుంది. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం. “దగ్గరికి తీసుకోవాల. బెల్లమో ఏదో పెట్టాల.”

“నీ జవాబులో సాయంత్రం పిల్లను పార్కుకు తీసుకెళ్లి ఊయల ఊపాలని రాశావు. ఈ ఊళ్లో పార్కు ఎక్కడుందక్కా?”

“ఆడ, గాలిమర్ల కింద” అంది నల్లమ్మ. అందరూ గొల్లున నవ్వారు. ఆశ్రిత కూడా నవ్వింది. ఆ నవ్వులో చౌడేశ్వరి కలవలేదని ఆమె గమనించలేదు.

ఆశ్రితకు దారి కనిపించినట్టయింది. వీళ్లను తీసేయడం అన్యాయం, వదిలేయడం తప్పు. ఆ రెండింటికీ మధ్య ఒక సన్నని గట్టు ఉంది, దాని మీద నడవాలి. “నేను సార్‌తో మాట్లాడతాను. పాత జవాబులు కొట్టేసి, ఒక్కొక్కరికీ మళ్లీ నోటి పరీక్ష పెట్టమంటాను. అన్ని పాఠాలూ అందరూ చెప్పాలి. రాయడం ఎవరిది వాళ్లదే. మీ ముయ్యి మానక్కర్లేదు. గుండెక్కినవాళ్లు కిందికి దిగాక, విన్నది మిగతావాళ్లకు మునుం పట్టే చోటే చెప్పండి. సరేనా?”

“అది బాగుండాది” అంది సారా. గంగాదేవి తల ఊపింది.

“సార్ ఒప్పుకోకుంటే?” అంది చౌడేశ్వరి. “ఎవురో ఒకర్ని తీసేయాలంటే నన్ను తీసేయమనండి. ఈ వంతుల మాట ముందు చెప్పింది నేనే.”

బడి కుర్చీ అందరికన్నా ఎక్కువ కావాల్సింది ఈ అమ్మాయికే. “ఎవర్నీ తీసేయనివ్వను, పద” అని ఆశ్రిత గుండు వైపు నడిచింది.

గుండు మీద రాయి సెగలు కక్కుతోంది. తలగుడ్డ మడిచి పరిచి, కూర్చోమంది గంగాదేవి. కూర్చున్నాక గానీ ఆశ్రితకు అర్థం కాలేదు, ఈ సెగ మీద కూర్చునే వీళ్లు తన పాఠాలు విన్నారని. చల్లటి గదిలో రికార్డు చేసిన పాఠాలు. ఫోను తీసి జయరాం సార్ నంబరు నొక్కింది. వీళ్లకు తన మీద నమ్మకం కలగాలి, తాను వీళ్ల తరఫున ఏం మాట్లాడుతుందో వీళ్లే వినాలి అనుకుంది. మంచి బుద్ధితోనే స్పీకరు పెట్టింది. మంచి బుద్ధితో చేసిన పనులే మనిషిని ఎక్కువగా ముంచుతాయని ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

“ఏమ్మా ఆశ్రితా, రిపోర్టు ఏమాయ?” జయరాం సార్ గొంతు గుండు చుట్టూ గట్టిగా వినిపించింది. నలుగురూ దగ్గరికి జరిగారు.

ఆశ్రిత అంతా చెప్పింది. ముయ్యి చెప్పింది, గుండు చెప్పింది, మేకల్ని కూడా చెప్పింది. నోటి పరీక్ష పెడదామంది. అటువైపు ఆయన నవ్వాడు.

“భలే కథే. మూడు పాఠాల వరకూ నమ్ముతానమ్మా. అవి బయట యాడా లేవు, వాళ్ల బుర్రలో పుట్టినవే. నోటి పరీక్ష పెట్టుకో, నేను అడ్డం రాను. కానీ నాలుగో పాఠం సంగతేంది?”

“నాలుగో పాఠమా?”

“అది దుడ్లకు అమ్మే సరుకు. అనంతపురం నుంచి నంద్యాల దాకా అదే జవాబు తిరుగుతాండాది. పార్కు, ఊయల, అంతా అదే. నువ్వు నలుగురివీ ఒకదానితో ఒకటి పోల్చినావు గానీ బయటివాటితో పోల్చలేదు.” ఆశ్రిత చెవులు వేడెక్కాయి. ఆ మాట నిజం. “ఆ మెసేజీలో గూడా అదే ఉండాది. నాలుగో పాఠం మాది కాదు, చూసుకోండి అని.”

“మాది కాదు అనా?”

“ఊ. నంబరు ఎవరిదా అని ఇప్పుడే మన అడ్మిషన్లలో చూసినా. పంపింది ఎవరనుకున్నావు? నువ్వు ఇంతసేపూ మెచ్చుకుంటాండావే, ఆ చౌడేశ్వరే.”

ఆశ్రిత వేలు స్పీకరు ఆపడానికి వెళ్లింది. అప్పటికే ఆలస్యమైంది. సారా, గంగాదేవి చౌడేశ్వరి వైపు తిరిగారు.

“మా మింద నువ్వే చెప్పినావా?” అంది సారా.

చౌడేశ్వరి పక్కకు తప్పుకోలేదు. “చెప్పినా. మీ మింద కాదు. ఆ పొద్దు మనం ముగ్గురమూ ఎండలో ఎవురి మునుం పట్టినాం? ఈ గుండు మీద కూర్చొని నల్లమ్మక్క ఏం రాసినాదో అడగండి. ముయ్యి అని మన కష్టం తీసుకొని, సంతలో కొన్న గడ్డి తెచ్చి మన చేన్లో పోసినాది. ఇంట్లో అడిగితే మామ మా ఇద్దర్నీ మాన్పిస్తాడు. బయటికి చెప్పక ఏం చేయాల?”

మూడు జతల కళ్లు నల్లమ్మ మీద పడ్డాయి. ఆశ్రితవి నాలుగో జత. పార్కు మాటకు తాను నవ్విన నవ్వు ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది.

నల్లమ్మ తొలికకు అంటిన మట్టిని బొటనవేలితో నిదానంగా తీసేసింది. ఆమె గొంతు లేవలేదు.

“కొన్నా. కొనక ఏం చేస్తా? కూడబలుక్కొని చదివేదే కష్టం నాకు, రాసేది యాడ వస్తాది? ఆ సంగతి మీకు తెలీదు. దీనికి తెలుసు.”

“పదో తరగతి పాసైతేనే కదా ఈ కోర్సులో...” ఆశ్రిత మాట మధ్యలోనే ఆగిపోయింది.

“పాసైనా. ఓపెన్ స్కూలు పరీక్షలో నా పేరు మింద, నా చీర కట్టుకొని పోయి రాసి, నన్ను పాసు చేసింది యెవురో దీన్నే అడుగు మేడమ్” అంది నల్లమ్మ, చౌడేశ్వరి వైపు చూస్తూ. “ఇద్దరూ చేరితే గానీ మామ ఒప్పుకోడని, కాళ్లు పట్టుకొని నన్ను ఒప్పించింది యెవురో అడుగు. నేను దీనికి ముయ్యి తీర్చలేదంట. ఇది నాకు చేసినదాన్ని ఏమంటారు మీ బళ్లో?”

చౌడేశ్వరి గుండుకు ఆనుకుని నిలబడిపోయింది. కాదు అనలేదు.

అప్పుడు ఆశ్రిత చేతిలోంచి చిన్న దగ్గు వినిపించింది. ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. స్పీకరు ఆపలేదు, కాలూ ఆపలేదు.

“ఆశ్రితా” అన్నాడు జయరాం సార్. ఆయన గొంతులో ఇందాకటి నవ్వు లేదు. “ఒకరి పరీక్ష ఇంకొకరు రాయడమంటే కోర్సులోంచి తీసేయడంతో పోయేది కాదు, పోలీసుల దాకా పోతాది. గాలికి నాకు సగమే వినిపించినాది. వేరేవాళ్ల పేరు మీద కూర్చొని రాసింది ఎవరంటాండారు? పేరు చెప్పు.”